ముసలి ల్యాప్‌టాప్‌కు శ్రుతి పట్టే చెవి ఉందా?

పియానో శ్రుతి చేసే సాఫ్ట్‌వేర్ గురించి జనగామలో మాట్లాడితే నవ్వేవాళ్లే ఎక్కువ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పియానో ఉన్న ఇల్లు చూపించమంటే ఎవరైనా తల గోక్కోవాల్సిందే. హార్మోనియం సంగతి అట్లా కాదు. దేవరుప్పుల వైపు చిందు యక్షగాన మేళాల్లో, డోర్నకల్ చుట్టుపక్కల చర్చిల్లో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోని భజన మండళ్లలో అది ఇంకా పలుకుతూనే ఉంది. చాలాచోట్ల అపశ్రుతిగా పలుకుతోంది. శ్రుతి చేసే మనిషి వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. పెట్టె మోసుకొని పోవాలి, కొన్నాళ్లు అక్కడే వదిలి రావాలి, ఈలోపు కార్యక్రమం పడితే ఇంకొకరి పెట్టె అడుక్కోవాలి.

అదే ఊళ్లో ఎవరో ఒకరింట్లో బీరువా మీద పాత ల్యాప్‌టాప్ ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. కొడుకు ఇంజినీరింగ్‌లో చేరిన ఏడు కొన్నది. ఇప్పుడు ఆన్ చేస్తే తెర వెలగడానికే చాయ్ తాగి రావచ్చు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేశాక ఇట్లా మూల చేరే యంత్రాలు ఇంకా పెరుగుతాయి. ఈ పెట్టెతో ఆ పెట్టెను శ్రుతి చేసుకోవచ్చా అన్నదే ప్రశ్న. చేసుకోవచ్చు. అయితే అడ్డం పడేది అందరూ అనుకునేది కాదు. ల్యాప్‌టాప్ నెమ్మదితనం ఇక్కడ దాదాపు లెక్కలోకి రాదు. దాని చెవి వస్తుంది, రీడు గీకే ఆకురాయి పట్టిన మనిషి చెయ్యి వస్తుంది.

యంత్రంతో శ్రుతి చూసుకోవడం కంప్యూటర్లతో మొదలైంది కాదు. అమెరికాలో స్ట్రోబోకాన్ అనే పరికరం 1936లోనే వచ్చింది. తిరిగే చక్రం మీద వెలుగు చారలు నిలకడగా నిలిస్తే స్వరం సరిపోయినట్టు, పక్కకు జరిగిపోతుంటే హెచ్చో తగ్గో ఉన్నట్టు. తర్వాత ఆల్బర్ట్ శాండర్సన్ చేసిన అక్యూ-ట్యూనర్ వంటి చేతిపెట్టెలు వచ్చాయి. డీన్ రేబర్న్ తెచ్చిన సైబర్‌ట్యూనర్, రాబర్ట్ స్కాట్ రాసిన ట్యూన్‌ల్యాబ్ ఆ పనిని ల్యాప్‌టాప్‌లోకి దించాయి. ట్యూన్‌ల్యాబ్ ఒకప్పుడు అరచేతిలో పట్టే పాకెట్ పీసీల మీద కూడా నడిచింది. ఆ పాకెట్ పీసీతో పోలిస్తే మన బీరువా మీది ల్యాప్‌టాప్ ఎన్నో రెట్లు బలమైనది. ఈ రకం సాఫ్ట్‌వేర్ పుట్టిందే నెమ్మది యంత్రాల కాలంలో. అది మరిచిపోయి వేగం గురించి బెంగపడుతున్నాం.

లెక్క వేస్తే ఇంకా తేటపడుతుంది. మామూలు సౌండ్ కార్డు సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తుంది. అందులోంచి 16,384 కొలతలను ఒక గుత్తిగా తీసుకొని ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో విడదీయడానికి పది లక్షల పైచిలుకు గణనలు చాలు. సెకనుకు పదిసార్లు చేసినా కోటి దాటి కొంచెం. 2008లో చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ 1.6 గిగాహెర్ట్జ్‌ది. అప్పట్లోనే దాన్ని బలహీనమైనదని వెక్కిరించారు. దానికి కూడా ఇది పెద్ద బరువు కాదు. బరువంతా వేరేచోట ఉంది: వెనక నడిచే యాంటీవైరస్, అప్‌డేట్ల కోసం నెట్‌ను వెతికే విండోస్, ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజర్. బ్రౌజర్‌లో నడిచే ట్యూనర్లను పాత యంత్రం మీద నేనైతే వాడమనను. ట్యూనర్ తేలికే, దాన్ని మోసే బ్రౌజరే బరువు.

లెక్కింపు నిజంగా బరువయ్యే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఎంట్రోపీ పియానో ట్యూనర్. జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త హాయె హిన్రిక్‌సెన్ బృందం తయారుచేసింది, ఉచితం, మూలకోడ్ కూడా అందరికీ తెరిచి ఉంది. పియానో మెట్లన్నీ, ఎనభై ఎనిమిదీ, ఒక్కొక్కటిగా వినిపించాలి. ఆ తర్వాత అది ఏ మెట్టు ఎంత జరిపితే మొత్తం ధ్వనిలో గందరగోళం తగ్గుతుందో చిన్నచిన్న మార్పులు చేసి చూస్తూ పోతుంది. పాత ల్యాప్‌టాప్ ఇక్కడ ఆయాసపడుతుంది. పడనీయండి. ఆ లెక్క ఒక్కసారి చేసేది, అది సాగుతున్నంతసేపు మన పని మనం చూసుకోవచ్చు. హార్మోనియానికైతే ఈ లెక్కే అక్కర్లేదు, ఎందుకో కింద చెబుతాను.

వేగం గురించి ఇంకొక్క మాట. స్వరాన్ని ఎంత సన్నగా కొలవాలంటే అంతసేపు వినాలి. ఇది ప్రకృతి నియమం, లక్ష రూపాయల కొత్త ల్యాప్‌టాప్‌కూ వర్తిస్తుంది. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. 440 హెర్ట్జ్ దగ్గర ఒక సెంటు అంటే పావు హెర్ట్జ్. అంత తేడా ఉన్న రెండు స్వరాలు ఒకదాన్నుంచి ఒకటి పూర్తిగా ఒక చుట్టు విడిపోవడానికి నాలుగు సెకన్లు పడుతుంది. చారలు జరగడం చూసే పద్ధతిలో పావు చుట్టు జరిగినా కన్ను పట్టేస్తుంది కనుక సెకనులో తేలిపోతుంది. మంద్రంలో కష్టం. హార్మోనియం ఖర్జపు రీడు 65 హెర్ట్జ్ దగ్గర పలికితే అక్కడ సెంటు అంటే హెర్ట్జ్‌లో ఇరవై అయిదో వంతుకు అటూ ఇటూ. అందుకని తెలివైన సాఫ్ట్‌వేర్ మూలస్వరాన్ని వదిలేసి, దాని ఎనిమిదో హార్మోనిక్‌ను, అంటే 523 హెర్ట్జ్‌ను వింటుంది. తేడా ఎనిమిది రెట్లు పెరిగి కనిపిస్తుంది. రీడు ధ్వనిలో పై హార్మోనిక్స్ దండిగా ఉంటాయి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ మైకుకు మంద్రం సరిగా వినపడకపోయినా బాధ లేదు.

ఇక ఆ మైకు సంగతి. అసలు గండం ఇక్కడే.

ల్యాప్‌టాప్‌లో అమర్చిన మైకును మనిషి మాట కోసం తయారుచేశారు. దాని వెనక ఉన్న డ్రైవర్ శబ్దాన్ని ‘బాగుచేస్తుంది’. ఫ్యాను హోరులాగా ఆగకుండా ఒకే తీరుగా వచ్చేదేదైనా దానికి రొదే. తిత్తి నిలకడగా ఊది ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే అది కూడా ఆగని ఒకే తీరు శబ్దం. రెండు మూడు సెకన్లకు ఆ డ్రైవర్ దాన్ని రొదగా లెక్కగట్టి అణిచేస్తుంది. తెర మీద ముల్లు మొదట ఆడి, తర్వాత పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని, ల్యాప్‌టాప్ స్లో అని తిట్టుకుంటాం. విండోస్‌లో సౌండ్ సెట్టింగుల్లోకి పోయి మైకు ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ తీసేస్తే సగం రోగం కుదురుతుంది. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ కార్డు, కాలర్ మైకు కొనుక్కుంటే మిగతా సగం. ఈ పనికి డబ్బు పెట్టదలిస్తే ర్యామ్ మీద కాకుండా దీని మీద పెట్టాలి.

శబ్దం తెగి తెగి రావడం ఇంకో జబ్బు. టకటకమని చిన్న చిటుకులు వినబడతాయి, ముల్లు ఉలిక్కిపడుతుంది. చాలావరకు వైఫై డ్రైవరో, కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ వేగం తగ్గించే ఏర్పాటో దీనికి కారణం. వైఫై ఆపేయాలి, పవర్ సెట్టింగును ఎక్కువ వేగానికి మార్చాలి, సాఫ్ట్‌వేర్‌లో బఫర్ పెంచాలి. పాట వాయించేవాడికి బఫర్ పెరిగితే నొక్కిన మెట్టు ఆలస్యంగా పలుకుతుంది, ఇబ్బంది. శ్రుతి చేసేవాడికి ఐదో వంతు సెకను ఆలస్యం అయితే ఏం కొంప మునగదు.

శాంప్లింగ్ రేటు పొరపాటు కూడా ఒకటుంది, అది భయపెట్టినంత ప్రమాదం కాదు. కార్డు సెకనుకు 48,000 కొలతలు పంపుతుంటే సాఫ్ట్‌వేర్ 44,100 అనుకుంటే తేడా దాదాపు 147 సెంట్లు, ఒకటిన్నర అర్ధస్వరం. షడ్జమం నొక్కితే వేరే స్వరం పేరు చూపిస్తుంది కనుక వెంటనే పట్టుబడుతుంది. కంటికి కనబడని చిన్న తప్పుల గురించి అయితే దిగులు అక్కర్లేదు. కంప్యూటర్ లోపలి స్ఫటిక గడియారం పదిలక్షలకు యాభై పాళ్లు తప్పినా అది సెంటులో పదో వంతు కూడా కాదు.

ఈ చివరి మాటకు భూపాలపల్లిలో ప్రత్యేకమైన విలువ ఉంది. పాత పద్ధతి మనుషులు ఉక్కు శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కును నమ్ముతారు. మామూలు ఉక్కు ఫోర్కు ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగినకొద్దీ పదివేలకు ఒక పాలు చొప్పున కాస్త అటూ ఇటూగా దిగుతుంది. 20 డిగ్రీల దగ్గర 440 పలికేది, బొగ్గు గనుల ప్రాంతపు మే నెల 42 డిగ్రీల్లో దాదాపు ఒక హెర్ట్జ్ తగ్గుతుంది, అంటే దాదాపు నాలుగు సెంట్లు. ఈ ఒక్క విషయంలో ముసలి ల్యాప్‌టాప్ కొత్త ఫోర్కు కంటే మెరుగు. అయితే ఆ ఎండ ల్యాప్‌టాప్‌నూ వదలదు. ఫ్యాను రెక్కల్లో దుమ్ము, లోపల ఎండిపోయిన థర్మల్ పేస్టు. పది నిమిషాలకే ఫ్యాను జెట్ విమానంలా అరుస్తుంది, ఆ అరుపు మైకులోకి పోతుంది. తెల్లవారుజామున పని పెట్టుకోవడమే దీనికి మందు. పల్లెలో అప్పుడు మైకు సెట్టు భక్తి పాటలు ఉంటాయనుకోండి, అది వేరే సమస్య. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే కరెంటు గుయ్యిమనే 50 హెర్ట్జ్ హోరు పోతుంది, ఎటొచ్చీ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలుసు. చార్జరు తప్పకపోతే హార్మోనియంను మైకుకు దగ్గరగా జరపండి, మూలస్వరాన్ని వదిలి పై హార్మోనిక్ వినేలా పెట్టండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే విషయం తొందరగా ముగిస్తాను. విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కు 2020లో మద్దతు ఆగింది. అవి ఉన్న యంత్రమైతే నెట్‌కు తగిలించకుండా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పాత వెర్షన్ ట్యూనర్‌తో శ్రుతి పనికే కేటాయించవచ్చు. ఈ పనికి నెట్ అసలే అక్కర్లేదు. లినక్స్ వైపు పోతే లింగాట్, ఎఫ్ఎమ్ఐటీ అనే ఉచిత ట్యూనర్లు తేలికైనవి, అడాసిటీలో ధ్వని రికార్డు చేసి దాని వర్ణపటం కూడా చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్ 32-బిట్‌దైతే లినక్స్‌లోనూ దారులు మూసుకుపోతున్నాయి: డెబియన్ 2025లో తెచ్చిన 13వ వెర్షన్‌ను అట్లాంటి యంత్రాల్లో కొత్తగా ఎక్కించే వీలు లేదు. 2023 నాటి 12వ వెర్షన్ ఎక్కుతుంది, యాంటీఎక్స్ అనే తేలికపాటి లినక్స్ ఉంది.

ఇప్పుడు పియానోకు, హార్మోనియానికి మధ్య తేడా. దీన్ని పట్టించుకోకపోతే మంచి సాఫ్ట్‌వేరే మంచి పెట్టెను చెడగొడుతుంది. పియానో తీగ ఉక్కుది, బిరుసుగా ఉంటుంది. అందువల్ల దాని రెండో హార్మోనిక్ మూలస్వరానికి సరిగ్గా రెండింతలు కాక కొంచెం ఎక్కువ పలుకుతుంది, నాలుగోది ఇంకా ఎక్కువ. స్థాయిలు కలవాలంటే మంద్రాన్ని కిందికి, తారను పైకి సాగదీయాలి. మంచి ట్యూనర్లు చెవితో శ్రుతి చేసిన పియానోల్లో ఈ సాగు ఎట్లా ఉంటుందో 1938లో రెయిల్స్‌బ్యాక్ గీసి చూపించాడు. రెండు కొసల దగ్గర అది ముప్పై సెంట్ల దాకా పోతుంది. పియానో సాఫ్ట్‌వేర్ తెలివంతా ఈ సాగును ప్రతి పియానోకు విడిగా లెక్కగట్టడంలోనే ఉంది.

హార్మోనియం రీడుకు ఈ గుణం లేదు. గాలి ఆగకుండా తోస్తున్నంతసేపు రీడు ఒకే ఆవృత్తిలో కంపిస్తుంది, దాని హార్మోనిక్స్ అన్నీ మూలస్వరానికి కచ్చితమైన రెండింతలు, మూడింతలు. స్థాయి అంటే సరిగ్గా 1200 సెంట్లే. పియానో కోసం పెట్టిన సగటు సాగును తీసేయకుండా హార్మోనియం మీద వాడితే స్థాయిలు కలిపి నొక్కినప్పుడు వావ్ వావ్ మని అలలు వినిపిస్తాయి. రెండు వరుసల రీడ్లున్న పెట్టెలో ఒక్క మెట్టు నొక్కినా అదే గోల. సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెచ్ అనేదాన్ని సున్నా చేయడం మొదటి పని.

రెండో పని ఆధారశ్రుతి నిర్ణయం. ‘ఏ’ స్వరానికి 440 హెర్ట్జ్ అన్నది 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కుదిరిన ఒప్పందం. పాత పెట్టె దాని కంటే హెచ్చుగానో తగ్గుగానో ఉంటే దాన్ని 440కి ఈడ్చుకురావాలని ఉబలాటపడకూడదు. ముందు అన్ని మెట్లూ నొక్కి, ఏది ఎంత ఉందో రాసుకోవాలి. సగటు 445 దగ్గర ఉంటే సాఫ్ట్‌వేర్‌లో ఆధారం 445 అని పెట్టి, దారి తప్పిన నాలుగైదు రీడ్లనే సరిచేయాలి. ఆకురాయి ఎంత తక్కువ ఆడితే పెట్టె అంత ఎక్కువ కాలం బతుకుతుంది.

మూడో ప్రశ్న మీద సంగీతజ్ఞులు ఎప్పటికీ ఒక మాట మీదికి రారు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే సమాన విభజనా, శుద్ధ స్వరాలా? సమాన విభజనలో అంతర గాంధారం షడ్జమం నుంచి 400 సెంట్లు, శుద్ధమైనది 386. పద్నాలుగు సెంట్ల తేడా తంబురా పక్కన పెడితే చెవికి గుచ్చుకుంటుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గాలిలోకి రానీయకపోవడానికి గమకం పలకదన్న ఫిర్యాదుతో పాటు ఈ ఫిర్యాదు కూడా ఉంది. డోర్నకల్ సంగతి ఇక్కడే గుర్తు చేయాలి. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో ఆ పీఠానికి వచ్చాడు, 1939లో అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌ను దేశీ శిల్పరీతుల్లో కట్టించి ప్రతిష్ఠించాడు, ఆరాధనలో దేశీ బాణీలు ఉండాలన్నాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటలకు రాగమూ తాళమూ వేసి ఉంటాయి. రాగం పేరు పెట్టిన పాటకు పియానో కొలత స్వరాలున్న పెట్టె తోడు. సాఫ్ట్‌వేర్‌లో స్వరానికింత అని తేడాలు రాసుకునే పట్టిక ఉంటుంది కాబట్టి శుద్ధ స్వరాలు పెట్టడం కష్టమేమీ కాదు.

కానీ పెట్టొద్దనే నా సలహా. శుద్ధ స్వరాలు ఒక్క శ్రుతికే శుద్ధం. ఒకాయన ఒకటో శ్రుతిలో పాడి, ఆయన పక్కన కూర్చున్నామె నాలుగున్నరలో అందుకుంటే మొత్తం వికటిస్తుంది. చిందు మేళంలోనైతే ఒకే రాత్రి ఒకే పెట్టె మీద ఎన్ని గొంతులు! జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ తెచ్చిన కళ అది. తెల్లవార్లూ వేషం మారినప్పుడల్లా గొంతు మారుతుంది. అక్కడ సమాన విభజనే అందరికీ సమాన న్యాయం. ఒకే గొంతుకు, ఒకే శ్రుతికి కట్టుబడిన శ్రుతిపెట్టెకు మాత్రం షడ్జమం, పంచమం శుద్ధంగా కలపాలి. అదీ ల్యాప్‌టాప్‌తో కాదు, చెవితో.

ఇక చెయ్యి. డప్పు దిగితే నాలుగు గడ్డిపోచలు అంటించి కాచుకుంటే బిగుస్తుంది, చల్లారితే మళ్లీ కాచుకోవచ్చు. రీడుకు అట్లా వెనక్కి పోయే దారి లేదు. ఇత్తడి నాలుక కొసన గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. మొదట్లో, రివిట్ దగ్గర గీకితే బిరుసు తగ్గి స్వరం దిగుతుంది. గీకిన ఇత్తడి మళ్లీ రాదు. అటు గీకి ఇటు గీకి సరిచేస్తూ పోతే నాలుక పలచబడి ఒకరోజు పాట మధ్యలో విరుగుతుంది. పెంబర్తిలో ఇత్తడి రేకును ఎంత నాజూగ్గా మలుస్తారో లోకమెరుగు, కానీ రీడ్ల తయారీ ఆ విద్య కాదు. వాటికి పేరుపడ్డది గుజరాత్‌లోని పాలిటాణా. విరిగిన రీడుకు మారు తెప్పించుకోవాల్సిందే.

గీకే ముందు చూడాల్సింది ఒకటుంది. భూపాలపల్లి పెట్టెల్లో అపశ్రుతి అనుకున్నది చాలాసార్లు ధూళి. నాలుక మీద సన్నటి పొర పేరుకుంటే బరువు పెరిగి స్వరం దిగుతుంది, పక్కన ఇరుక్కుంటే గరగరమంటుంది. మెత్తటి కుంచెతో తుడిచి, మళ్లీ కొలవాలి. పలచటి రేకును నాలుక కింద ఆసరాగా దూర్చి, ఒకటి రెండు గీతలు గీకి, రీడును దాని చోట బిగించి, తిత్తి ఊది, అప్పుడు తెర చూడాలి. బయట విడిగా ఊది కొలిస్తే చూపేది ఒకటి, పెట్టెలో పలికేది ఒకటి. లోపలి గాలి అర కూడా స్వరాన్ని కొద్దిగా జరుపుతుంది. తిత్తి గట్టిగా కొడితే స్వరం కాస్త దిగుతుంది కాబట్టి ఒకే ఒత్తిడితో ఊదే మనిషి పక్కన ఉండాలి. ఎనభై దాకా రీడ్లున్న పెట్టెకు ఇదంతా ఇద్దరు మనుషుల ఓపిక.

అన్ని రీడ్లనూ తెర చూసి చేయనక్కర్లేదు కూడా. మధ్య స్థాయిలో పన్నెండు మెట్లను ల్యాప్‌టాప్‌తో కుదిర్చి, మిగతావాటిని వాటి స్థాయి జంటతో కలిపి నొక్కి అలలు ఆగేదాకా చెవితో సరిచేస్తే పని వేగంగా, శుభ్రంగా పోతుంది. సెకనుకు ఒక అల అంటే ఒక హెర్ట్జ్ తేడా. నాలుగు సెకన్లకు ఒకటిగా మందగిస్తే పావు హెర్ట్జ్. ఏ సంగీత జ్ఞానమూ లేని మనిషి కూడా ఆ అలలు లెక్కపెట్టగలడు.

ఇంత చెప్పాక న్యాయమైన ప్రశ్న: జేబులో స్మార్ట్‌ఫోన్ ఉండగా ల్యాప్‌టాప్ ఎందుకు? మంచి ఫోన్ ఉంటే అక్కర్లేదు. పియానోమీటర్ లాంటివి ఆండ్రాయిడ్ ఫోన్లలోనే నడుస్తాయి, వాటి మైకు కూడా ల్యాప్‌టాప్ మైకుకు తీసిపోదు. ల్యాప్‌టాప్‌కు ఉన్న లాభం పెద్ద తెర; ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్టు మీద ఉన్నప్పుడు మూడడుగుల దూరం నుంచి కనబడుతుంది. పైగా ఏ రీడు ఎంత దిగిందో ఏడాదికేడాది పట్టికలో దాచుకోవచ్చు, పని మధ్యలో ఫోన్ మోగదు. రెండూ ఉంటే రెండిటినీ పెట్టి ఒకే మెట్టు కొలవండి. సెంటు లోపు ఒకే మాట చెబితే రెండూ నమ్మదగినవే.

డోర్నకల్ చుట్టుపక్కల చర్చిల్లో ఇప్పుడు హార్మోనియం పక్కనే క్యాసియోనో యమహానో కీబోర్డు చేరింది. అది 440 మీద కూర్చుంటుంది, పెట్టె 445 మీద ఉంటుంది, తేడా ఇరవై సెంట్లు. ఆదివారం ఉదయం రెండూ కలిసి మోగితే పాడేవాళ్లు ఎటు పోవాలో తెలియక గట్టిగా అరుస్తారు. పెట్టెను పంపి అన్ని రీడ్లూ గీకించాలని సంఘంలో చందాలు వేసుకునే ముందు కీబోర్డు మెనూలో ట్యూనింగ్ అన్న చోట చూడండి. ట్రాన్స్‌పోజ్ కాదు, అది అర్ధస్వరాల లెక్కన దూకుతుంది. ట్యూనింగ్ హెర్ట్జ్ లెక్కన కదులుతుంది. ముసలి ల్యాప్‌టాప్‌తో పెట్టె సగటు కొలిచి ఆ అంకె కీబోర్డులో పెడితే సరిపోతుంది. కీబోర్డు ఆపి మళ్లీ వేస్తే కొన్ని మోడళ్లు 440కే తిరిగి పోతాయి, అందుకని ఆ అంకెను ఒక చీటీ మీద రాసి కీబోర్డు వెనక అంటించండి.